చల్లని మోకాలు

పోయిన నెలలో మా పెద్దమ్మాయి పట్టుబట్టి నన్ను విశాఖపట్నంలో ఒక ఫిజియోథెరపీ పిల్ల దగ్గరికి తీసుకుపోయింది. పిల్ల అనే అంటాను, పాతికేళ్ళు కూడా ఉండవు ఆమెకి. ఇన్నేళ్ళలో నా మోకాళ్ళని ఎంతోమంది చూశారు. నొక్కారు, వంచారు, ఫొటోలు తీశారు, సూదులు గుచ్చారు. ఈ పిల్ల మాత్రం ఏమీ అడక్కుండా నా చీర మోకాలి పైకి జరిపి, తన చెయ్యి తిరగేసి, వేళ్ళ వెనకవైపు ముందు ఎడమ మోకాలికి ఆనించింది. తరవాత కుడిదానికి. మళ్ళీ ఎడమదానికి. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నొప్పిగా ఉందా ఆంటీ?" అంది కంగారుగా. "లేదమ్మా, నీ పని కానియ్" అన్నాను. "కుడిది వేడిగా ఉంది, ఐసు పెడదాం" అని ఒక సంచీ తెచ్చి మోకాలికి చుట్టి, తన ఫోను చూసుకోడానికి బయటికి పోయింది. ఆ చల్లదనం ఎముకలోకి దిగుతుంటే గోడకేసి చూస్తూ కూర్చున్నాను. పదహారేళ్ళప్పుడు ఇదే పని దొంగతనంగా చేశాను నేను. ఆ సంగతి నా పిల్లలకి కూడా తెలియదు. తెలిస్తే ఏమనుకుంటారో అని కాదు, చెప్పడానికి కూర్చుంటే నాన్న దగ్గర మొదలుపెట్టాలి, అక్కడి నుంచి ముందుకి పోలేను.

మాది పాలకొండ వైపు నుంచి ఖరగ్‌పూర్ పోయిన కుటుంబం. తాత రైల్వే వర్క్‌షాపులో కూలికి చేరాడు, నాన్న యార్డులో చేరాడు. మలంచా రోడ్డుకి కాస్త లోపలగా ఉండేది మా రైల్వే క్వార్టరు. ఒకటిన్నర గది, వెనక వరండాలో వంట, వీధి చివర పది ఇళ్ళకి కలిపి ఒక కుళాయి. పొద్దున్నే ఇంటింటా బొగ్గుల పొయ్యి రాజేసేవారు, ఆ పొగ మీదికి ఇంజిన్ల పొగ వచ్చి కలిసేది. అమ్మ ఎంత తెల్లగా ఉతికి ఆరేసినా సాయంత్రానికి బట్టల మీద నల్లటి నలకలు. "ఈ ఊళ్ళో తెల్లసీర కట్టీవోల్లు డాక్టరమ్మలూ దొరసానులూనే" అని విసుక్కునేది. ఆదివారం ఖరిదా బజారుకి నన్ను వెంటేసుకుపోయి, చేపలమ్మేవాడితో సగం బెంగాలీ సగం తెలుగు కలిపి బేరమాడేది. వాడికి అంతా అర్థమయ్యేది. నాన్న ఇంటికొస్తే ముందు వాసన వచ్చేది, ఆ తరవాత మనిషి. యంత్రాల నూనె, మాడిన నూలు, చెమట, బీడీ. ఇప్పటికీ ఎక్కడైనా పాత మోటారు దగ్గర ఆ నూనె వాసన తగిలితే నేను ఆగిపోతాను.

నాన్న పనేమిటో చెప్పకపోతే ఈ కథ ఎవరికీ తలకెక్కదు. గూడ్సు బండి యార్డులోకి వచ్చి ఆగగానే నాన్న, ఆయన జత పనివాడు నారాయణ బాబాయి చెరోవైపు బండి పొడుగునా నడిచేవారు. చక్రాల ఇరుసు చివర ఒక ఇనప పెట్టె ఉంటుంది. బాక్సు అనేవారు. అందులో నూనె, ఆ నూనెలో నానిన నూలు పీచు. నూనె తగ్గితే ఇరుసు రాపిడికి బాక్సు వేడెక్కుతుంది, చూసుకోకుండా పంపేస్తే దారిలో ఇరుసు విరిగి బండి పడిపోతుంది. అందుకని ప్రతి బాక్సునీ చేత్తో తాకి చూడాలి. అరచేత్తో కాదు, చేతి వెనకవైపుతో. "అరసెయ్యి మొద్దుదమ్మా. సుత్తి పట్టి పట్టి సచ్చిపోయుంటాది. ఎనకేపు సెయ్యికే నిజం తెలుస్తాది" అనేవాడు నాన్న. వేడి తగిలిన వ్యాగన్ మీద సుద్దతో పెద్ద ఇంటూ గుర్తు గీస్తే, దాన్ని బండిలోంచి తప్పించి సిక్ లైన్‌లోకి తోసేవారు. బాగుచేశాక ఫిట్ అని రాసి మళ్ళీ బండికి తగిలించేవారు. మా ఇంట్లో జ్వరమొచ్చింది అనే మాటే వినపడేది కాదు. మనిషైనా, పులిసిన పెరుగైనా, కుంటుతున్న కుర్చీ అయినా సిక్, బాగుంటే ఫిట్. ఇరవయ్యేళ్ళ సర్వీసులో ఒక్క వేడి బాక్సు కూడా నాన్న చెయ్యి దాటి పోలేదని యార్డులో చెప్పుకునేవారు. నాన్న బయటికి ఏమీ అనేవాడు కాదు కానీ ఆ మాట విన్నప్పుడల్లా మీసం తడుముకునేవాడు.

నేను పరుగెత్తేదాన్ని. ఎవరూ నేర్పలేదు. కుళాయిలో నీళ్ళొచ్చే వేళకి బిందె చంకనెట్టుకుని వీధి ఈ చివర నుంచి ఆ చివరకి పరుగు తియ్యడం అలవాటు, ఎప్పుడూ మొదటి బిందె నాదే. ఆడవాళ్ళు తిట్టుకునేవారు. మా స్కూల్లో ఆటలు చెప్పే బేలా దీదీ ఇందా అనే పేట నుంచి సైకిల్ మీద వచ్చేది. ఒకరోజు దారిలో ఆ బిందె పరుగు చూసి, సైకిల్ దిగి, మా ఇల్లు కనుక్కుని మరీ వచ్చింది. "ఈ పిల్ల బిందెతోనే ఇంత పరుగెడితే, బిందె లేకుండా ఎంత పరుగెడుతుందో చూడాలి" అని హిందీలో నాన్నకి చెప్పింది. అమ్మ మూతి ముడుచుకుంది. నాన్న మీసం తడుముకున్నాడు. ఏడాది తిరగకముందే స్కూల్లో నాతో పోటీకి నిలబడేవాళ్ళు లేకపోయారు.

పద్నాలుగో ఏట ముందు చలిజ్వరంలా వచ్చింది. తరవాత ఒక పొద్దున్న లేవబోతే మోకాళ్ళు రెండూ వంగలేదు. మణికట్లు వాచిపోయాయి. నాలుగు నెలలు మంచం మీద ఉన్నాను. అమ్మ ఇసక వేయించి మూటకట్టి కాపడం పెట్టేది, వావిలాకు వేసి నీళ్ళు కాచేది. ఆ ఆకునే ఎదురింటి బెంగాలీ ఆవిడ నిశిందా అంటే, పేరు ఏదైతేనేం దొరికింది చాలనుకుంది. రైల్వే ఆసుపత్రిలో డాక్టరు బాబు మంచాయన, దాచకుండా చెప్పాడు. "యే జానేవాలీ నహీఁ. ఆతీ రహేగీ, జాతీ రహేగీ." ఈ కీళ్ళవాతం పోయే జబ్బు కాదు, వస్తూ పోతూ జన్మంతా ఉంటుందని. అమ్మ అక్కడే కూలబడింది. నేను మాత్రం ఒకటే అడిగాను, మళ్ళీ పరుగెడతానా అని. ఆయన నాన్నకేసి చూసి, "కీలులో వేడి ఉన్న రోజు కదలనివ్వొద్దు. వేడి లేని రోజు కూర్చోనివ్వొద్దు. ఇది పాటిస్తే ఏడాదికో రెండేళ్ళకో చూద్దాం" అన్నాడు. వేడి ఉందో లేదో మాకెలా తెలుస్తుందని అమ్మ అడిగింది. ఆ మాటకి నాన్న నవ్వాడు. నాలుగు నెలల్లో ఆయన నవ్వడం అదే మొదలు. "అది నాకొదిలీండి బాబూ" అన్నాడు తెలుగులోనే, ఆ డాక్టరుకి తెలుగు రాదన్న సంగతి మరిచిపోయి.

మర్నాటి నుంచి అదే మా ఇంటి నిత్యకృత్యం. నాన్న డ్యూటీకి పోయే ముందు నా మంచం పట్టె మీద కూర్చుని చెయ్యి తిరగేసేవాడు. ముందు ఎడమ మోకాలు, తరవాత కుడి, మళ్ళీ ఎడమ. ఒక్కదాన్ని తాకితే ఏమీ తెలియదట, పక్కదానితో పోల్చుకుంటేనే వేడి తెలుస్తుందట. చూసి, వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో గీసేవాడు. ఇంటూ గీస్తే ఆ రోజు మంచం. టిక్కు పెడితే నడక. మొదట గోడ నుంచి గోడకి. నెల తరవాత కుళాయి దాకా. నీళ్ళకోసం నిలబడ్డ ఆడవాళ్ళు నన్ను చూసి అయ్యో అనేవారు, ఒకప్పుడు తిట్టినవాళ్ళే, నాకు ఆ జాలికంటే ఆ తిట్లే బాగుండేవి. తరవాత మలంచా రోడ్డు మీద కరెంటు స్తంభాలు. ఒక స్తంభం నడక. రెండు స్తంభాలు. ఒక ఏడాది నిండాక బేలా దీదీ పక్కన సైకిల్ నడిపించుకుంటూ ఒక స్తంభం దూరం పరుగెత్తించింది. "ఆస్తే, పైడీ, ఆస్తే ఆస్తే." పైడి నా పేరు, ఆస్తే అంటే నెమ్మదిగా అని. ఎంత నెమ్మదో చెప్పలేను, ఒక ముసలాయన గొడుగేసుకుని నన్ను దాటిపోయాడు. ఇంటికొచ్చి సంతోషంతో ఏడ్చాను. మధ్యలో ఎన్నిసార్లు ఇంటూలు పడ్డాయో, ఎన్ని వారాలు వరసగా పడ్డాయో. పడినప్పుడల్లా నాన్న మీద ఒళ్ళు మండేది నాకు. తలుపు వెనక్కి పోయి ఆ ఇంటూని ఉమ్మితో చెరిపిన రోజులున్నాయి. కానీ మోకాలు మాత్రం నాన్న మాటే వింది. రెండో శీతాకాలం వచ్చేసరికి ఇరవై స్తంభాలు ఆగకుండా పరుగెత్తుతున్నాను.

అప్పుడే బేలా దీదీ కబురు తెచ్చింది. రైల్వే ఆడపిల్లల జట్టుకి పరుగు పోటీ పెట్టి ఎంచుకుంటారట, వచ్చే ఆదివారం. మైదానం చుట్టూ రెండు రౌండ్లు. జట్టులో పడితే చదువయ్యాక ఉద్యోగం కూడా రావచ్చు. ఆ వారమంతా టిక్కులే. ఆదివారం తెల్లవారకముందే మెలకువ వచ్చి, లేవకుండానే కుడి మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాను. నాన్న లాగే చెయ్యి తిరగేసి. వేడి. పెద్ద వాపేం లేదు, నొప్పి కూడా అంతగా లేదు, కానీ వేడి ఉంది. రెండేళ్ళు ఆ చేతి పక్కన ఉన్నదాన్ని, నాకు తెలియదా?

డిసెంబరు చలి. వరండాలో కుండలో నీళ్ళు పళ్ళు జివ్వుమనేంత చల్లగా ఉన్నాయి. అమ్మ పాత చీరముక్క ఒకటి అందులో ముంచి, పిండి, మోకాలికి చుట్టి దుప్పటి కప్పుకున్నాను. కాసేపటికి అది వెచ్చబడితే మళ్ళీ ముంచాను. అలా ఎన్నిసార్లో. నాన్న దగ్గు వినపడగానే గుడ్డ మంచం కిందికి తోసి, మోకాలు దుప్పటితో తుడుచుకుని, నిద్రలో ఉన్నట్టు పడుకున్నాను. నాన్న వచ్చి కూర్చున్నాడు. ఎడమ. కుడి. మళ్ళీ ఎడమ. మళ్ళీ కుడి. నాలుగోసారి పెట్టే అలవాటు లేదు ఆయనకి. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. నా మొహంలోకి చూడలేదు. "ఫిట్" అన్నాడు. వంటింటి తలుపు కిర్రుమంది, సుద్ద గీత చప్పుడు వినపడింది.

మొదటి రౌండు నేను ఈ జన్మలో మరిచిపోను. చెప్పులు లేని కాళ్ళ కింద మంచుకి తడిసిన గడ్డి, పక్కన ఎవరూ లేరు, నేనూ నా ఊపిరీ. రెండో రౌండు మలుపులో కుడి మోకాలిలో ఏదో పట్టేసింది. ఆగాల్సింది. అప్పుడే ఇనపకంచె అవతల నాన్న కనిపించాడు. ఆ రోజు డ్యూటీ ఉందన్న మనిషి, ఎవరితోనో మార్చుకున్నట్టున్నాడు, తీగ రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన్ని చూశాక ఆగలేదు. రెండో స్థానంలో గీత దాటి పడిపోయాను. జట్టు జాబితాలో నా పేరు ఉంది. ఆ పేరుతో నేను ఎక్కడికీ పోలేదు.

సాయంత్రానికి మోకాలు బూడిద గుమ్మడికాయ అయింది. డాక్టరు బాబు సూదితో నీరు తీశాడు, రెండుసార్లు. "ఇంత వేడి ఉన్న కీలుతో ఎలా పరుగెత్తనిచ్చారు?" అని అడిగాడు. నాన్న తల వంచుకుని నిలబడ్డాడు. ఇంటికొచ్చాక అమ్మ ఊరుకోలేదు. "ఇనప పెట్టెల జొరాలు తెలుస్తాయి గానీ కన్నబిడ్డ జొరం తెలీనేదా? అదేటి సెయ్యా, సెక్కా?" అని అరిచింది. నాన్న కిమ్మనలేదు. మంచం మీద నేనూ కిమ్మనలేదు. ఒక్క మాట చెబితే ఆ తిట్టు నాకు పడేది. చెప్పలేదు. భయమని ఇన్నేళ్ళూ సర్దిచెప్పుకున్నాను, భయం కాదు, సిగ్గు. ఆ మర్నాటి నుంచి నాన్న నా మోకాలిని తాకలేదు. తలుపు వెనక గీతలు ఆగిపోయాయి. అమ్మే అరచేత్తో అదిమి, ఏమీ తెలియక, "ఏమోనే, నీకెలాగుంది?" అని నన్నే అడిగేది.

రెండు నెలల తరవాత నారాయణ బాబాయి మా ఇంటికొచ్చి, నాన్న లేని వేళ చూసి, గుమ్మంలోనే అమ్మతో అన్నాడు. "ఏటొదినా, అన్నయ్యకి ఏటైనాది? బండి సూసే పనిలోంచి దించీమని ఆపీసరు సాయిబుని తనే అడిగినాడు. నా సెయ్యి మీద నాకు నమ్మకం నేదు అన్నాడట. ఇప్పుడు సిక్ లైన్‌లో కూకుని బాక్సుల్లో నూలు కూరుతున్నాడు. నిన్నగాక మొన్న సేరినోల్లు సేసే పనది." అమ్మ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. తన తిట్టే ఆయన్ని పడగొట్టిందని అమ్మ అనుకుంది. నేను దుప్పటి ముసుగు పెట్టుకున్నాను. ఆ రోజు కూడా చెప్పలేదు. ఎనిమిది నెలలు చెప్పలేదు. నాన్న అన్నం తినేటప్పుడు ఆ కుడిచెయ్యి వంక చూడలేక పళ్ళెంలోకి చూస్తూ తినేదాన్ని.

ఇక్కడ కాస్త ఆగి ఇప్పటి సంగతి చెబుతాను. ఇప్పుడు ఈ జబ్బుకి మొదట్లోనే అడ్డం పడే మందులున్నాయట, పసిపిల్లలకే ఇస్తున్నారట. ఆ ఫిజియో పిల్ల దగ్గర నా వెనక వరసలో పదేళ్ళ పాప కూర్చుంది, అదే జబ్బు, వచ్చే నెల డాన్సు పోటీ ఉందని చెప్పింది. నాకు సంతోషమే కలిగింది, అసూయ కూడా కలిగింది, అబద్ధమెందుకు. ఇప్పుడు బండి ఇరుసుల వేడి కనిపెట్టడానికి పట్టాల పక్కన యంత్రం పెడుతున్నారట, మనిషి చెయ్యి అక్కర్లేదట. యంత్రానికి కూతురు ఉండదు కదా, మంచిదే. నేను మళ్ళీ పరుగెత్తాను. పోటీలకి కాదు. పెళ్ళయ్యాక కూడా, పిల్లలు పుట్టాక కూడా, యాభై దాటేదాకా, వేడి లేని పొద్దుల్లో ఆరు స్తంభాలు. ఆరుకి మించి ఏనాడూ పోలేకపోయాను. ఆ డిసెంబరు ఆదివారం లేకపోతే ఎన్ని స్తంభాలు పోయేదాన్నో అని లెక్క వేసుకోవడం మానేసి చాలాకాలమైంది. నాన్న రిటైరయ్యేదాకా సిక్ లైన్‌లోనే పనిచేశాడు. ఎవరెంత చెప్పినా బండి మీద మళ్ళీ ఆ చెయ్యి పెట్టలేదు.

ఆ ఎనిమిది నెలలు గడిచాక, మళ్ళీ గోడ నుంచి గోడకి మొదలుపెట్టి, ఒక స్తంభం దూరం పరుగెత్తగలిగాను. మర్నాడు పొద్దున్న నాన్న వెనక గుమ్మంలో కూర్చుని టీ తాగుతున్నాడు. వాన వెలిసింది, బొగ్గుపొగ నేలబారుగా పాకుతోంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. ముందురోజు ఆ ఒక్క స్తంభం పరుగెత్తినప్పుడు నాకు సంతోషం కలగలేదు, అదే నన్ను నెట్టింది.

"నాన్నా, ఆ ఆదివారం నీ సెయ్యి తప్పు నేదు. నానే తడిగుడ్డ కట్టినాను. నీకు తెలీకుండా."

నాన్న గ్లాసు కింద పెట్టాడు. "తెలుసు" అన్నాడు.

"ఎప్పుడు తెలిసినాది? ఎవులు సెప్పినారు?"

"సెయ్యి ఎట్టినప్పుడే తెలిసినాది. దుప్పట్లో తొంగున్న ఆడగుంట మోకాలు అంత సల్లగుంటాదేటి? రెండూ ఒకలాగుండాల. పక్కదాని కన్నా ఏడిగున్న బాక్సే కాదమ్మా, సల్లగున్న బాక్సూ అనుమానమే. ఎవుడో నీళ్ళు కొట్టి తోసేసినాడని."

"మరి ఫిట్ అని ఎందుకన్నావు?"

నాన్న పొగలోకి చూశాడు. "నువ్వు పరిగెడితే సూడాలనిపించినాది" అన్నాడు. తరవాత, "తెలిసే పాస్ సేసినాను. సెయ్యి నిజమే సెప్పినాది, నానే ఇన్నేదు. ఒకసారి అలాగ సేసినోడు బండి కాడ కూడా సేస్తాడు. అందికే దిగిపోనాను" అన్నాడు. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

నేను ఏడ్చాను. ఏడుస్తూనే పావడా మోకాలి పైకి లాగి కాళ్ళు చాచి ఆయన ముందు పెట్టాను. "సూడు నాన్నా" అన్నాను. వద్దన్నట్టు తల ఊపాడు. నేను కాళ్ళు తియ్యలేదు. చాలాసేపటికి చెయ్యి లుంగీకి తుడుచుకుని, తిరగేసి, ఎడమ మోకాలికి ఆనించాడు. తరవాత కుడిదానికి. మళ్ళీ ఎడమదానికి.

"కుడిది యెచ్చగున్నాది" అన్నాడు. "ఈయేల వద్దు."

"సరే నాన్నా" అన్నాను.

ఆ రోజు నేను ఒక్క స్తంభం కూడా పరుగెత్తలేదు.